మోటుపల్లి: మాటే కోటగా నిలిచిన రేవు



ఫ్రీమాంట్ నుంచి మిల్పిటాస్ వైపు 880 మీద వెళ్తుంటే డిక్సన్ లాండింగ్ రోడ్ అని ఒక ఎగ్జిట్ వస్తుంది. మనలో చాలామందికి అది పొద్దుటి ట్రాఫిక్ ఎక్కడ బిగుసుకుంటుందో చెప్పే గుర్తు మాత్రమే. ఒకప్పుడు అక్కడ పడవల రేవు ఉండేది. అదొక్కటే కాదు. 1850ల నుంచి ఈ బే తూర్పు ఒడ్డున మౌరీ, జార్విస్, మేహ్యూ, వార్మ్ స్ప్రింగ్స్ అని వరసగా రేవులుండేవి. మనం కూరగాయలకో, పిల్లల డాక్టరు దగ్గరికో వెళ్లే మౌరీ ఎవెన్యూకి ఉన్నది ఆ రేవు నడిపిన ఆసామి పేరే. పక్కనే ఉన్న యూనియన్ సిటీకైతే ఏకంగా ఒక ఆవిరి పడవ పేరు పెట్టారు. ఇక్కడ పండిన గోధుమ, ఎండుగడ్డి, ఉప్పు అడుగు చదునుగా ఉండే తెరచాప పడవల్లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరేవి. తర్వాత రైలు వచ్చింది. ఉప్పుమడుల కోసం కట్టలు వేశారు. కాలవల్లో బురద మేట పడింది. రేవులు పోయి, ఎగ్జిట్ బోర్డుల మీద పేర్లు మిగిలాయి.

ఆ ఉప్పుమడులు ఇప్పటికీ ఉన్నాయి. డంబార్టన్ వంతెన ఎక్కేవాళ్లకి రోజూ కనిపించేవే. సరిగ్గా అలాంటి ఉప్పుమడుల పక్కనే, మన బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో మోటుపల్లి అనే ఊరుంది. చీరాలకు దక్షిణంగా, సముద్రానికి కూతవేటు దూరంలో. ఈరోజు చూస్తే చిన్న పల్లె. ఏడెనిమిది వందల ఏళ్ల కిందట మాత్రం కాకతీయ రాజ్యానికి సముద్రం వైపు తలుపు అదే. చీనా కర్పూరం దిగిన రేవు, వెనిస్ నుంచి వచ్చిన మార్కో పోలో తన పుస్తకంలో ఒక రాజ్యానికే దాని పేరు పెట్టేసిన రేవు. ఈ పావుగంటా ఆ ఊరి సంగతే మాట్లాడుకుందాం.

మధ్యయుగాల రేవు పట్నం అనగానే మన కళ్ల ముందు ఏం కదులుతుంది? చుట్టూ రాతిగోడ, బురుజులు, బురుజుల మీద ఫిరంగులు, రాత్రయితే మూసే దర్వాజా. సినిమాలు చూపించిందీ అదే, మధ్యధరా తీరంలో టూరుకి వెళ్లొచ్చిన మన స్నేహితులు ఫోటోల్లో చూపించేదీ అదే. మోటుపల్లికి మాత్రం గోడ వల్ల పేరు రాలేదు. ఒక రాతిస్తంభం వల్ల వచ్చింది. ఆ రాతి మీద ఉన్నది ఒక రాజు ఇచ్చిన మాట. గోడ చేయాల్సిన పని ఆ మాట చేసింది. నేను చెప్పదలచుకున్నది అదే. ఎలా చేసిందో, ఎంతకాలం చేసిందో చూద్దాం.

ముందు కోట సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే కాకతీయులు కోట కట్టడం చేతకాని వాళ్లు కాదు. ఓరుగల్లు కోట చూసినవాళ్లకి తెలుసు. లోపల పెద్ద పెద్ద రాళ్లు పేర్చిన గోడ, దాన్ని ఆనుకుని అగడ్త, దానికి అవతల మైళ్ల పొడవున మట్టికోట. రాతిగోడ పనిలో కాకతీయ రాజు గణపతిదేవుడిది, ఆయన కూతురు రుద్రమదేవిది పెద్ద చెయ్యి. ఆ మట్టికోట ఎంత గట్టిదో శత్రువులే చెప్పారు. 1310లో మాలిక్ కాఫుర్ దండు ఓరుగల్లు మీద పడ్డప్పటి కథను ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాశాడు. యంత్రాలతో విసిరిన రాయి ఆ మట్టిగోడకి తగిలి, పిల్లలు ఆడుకునే కాయలాగా ఎగిరి వెనక్కి వచ్చేదట. కవి గనక కాస్త పెంచి ఉంటాడు, అయినా ఎదుటివాడి గోడని అంత మెచ్చుకోవడం ఊరికే జరగదు.

అంత కోట కట్టుకున్నవాడికి సముద్రం ఎందుకు? ఒక్క మాటలో చెప్పాలంటే, గుర్రాలు. మన నేల మీద మేలుజాతి గుర్రం పుట్టదు. అరేబియా నుంచో, పారశీక తీరంలోని హోర్ముజ్ నుంచో ఓడలో రావాలి. రౌతుల దండు లేని రాజు ఆ రోజుల్లో రాజుగా ఎంతోకాలం నిలవలేడు. గుర్రం వెనకాలే గంధం, కర్పూరం, ముత్యాలు, పట్టు, రాగి, సీసం. కాకతీయులేమో తెలంగాణ మెరక మీద పుట్టి పెరిగినవాళ్లు. ఓరుగల్లు నుంచి మోటుపల్లికి తిన్నగా గీత గీసినా రెండొందల యాభై కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో కృష్ణ దాటాలి, తీరం ఏలుతున్న వెలనాటి చోడుల్ని దాటాలి.

గణపతిదేవుడు 1199లో గద్దెనెక్కి, రెండు మూడేళ్లు తిరక్కుండానే తీరం మీదికి దండు నడిపాడు. వెలనాటి పృథ్వీశ్వరుడి బలం తగ్గిపోయింది. కృష్ణ సముద్రంలో కలిసే చోట దివిసీమను ఏలుతున్న అయ్యవంశం వారు లొంగారు. అక్కడ గణపతిదేవుడు చేసిన పని చూడండి. ఓడిన ఇంటివాళ్లను తరిమెయ్యలేదు. ఆ ఇంటి ఆడపడుచులు నారమ్మ, పేరమ్మలను పెళ్లాడాడు. వాళ్ల తమ్ముణ్ణి చేరదీసి గజసాహిణిగా, అంటే ఏనుగుల దళానికి అధిపతిగా చేశాడు. ఆ తమ్ముడే జాయపసేనాని. తర్వాత నృత్తరత్నావళి రాసిన జాయప. పేరిణి నాట్యం గురించి మనం ఇవాళ మాట్లాడగలుగుతున్నామంటే ఆ పుస్తకం పుణ్యమే. ఒక రేవు కోసం మొదలైన యుద్ధం చివరికి నాట్యశాస్త్రం దాకా వెళ్లింది. చరిత్రలో ఇలాంటి మలుపులంటే నాకు భలే ఇష్టం, అందుకే దారి తప్పాను. మళ్లీ మోటుపల్లికి వద్దాం.

మోటుపల్లి కాకతీయులు పెట్టిన రేవు కాదు. అప్పటికే పాతది. చోళుల పలుకుబడి ఈ తీరం మీద ఉన్న రోజుల్లో దానికి దేశ్యుయ్యకొండ పట్టణం అని ఇంకో పేరుండేది. తమిళ వర్తకులు, దేశదేశాలు తిరిగే నానాదేశి వర్తక సంఘాల వాళ్లు ఇక్కడ తిరుగాడేవారు. తీరం ఉన్నమాట చెప్పాలంటే ఓడలకి అంత అనుకూలమైంది కాదు. ఈ శాన్‌ఫ్రాన్సిస్కో బే లాగా చుట్టూ కొండలు కాచుకుని ఉండే నీటి గూడు మనకి అటు లేదు. నిలువుగా సాగిపోయే ఇసుక ఒడ్డు, ఒడ్డు దగ్గర విరిగిపడే కెరటాలు. పెద్ద ఓడ దూరంగా లంగరు వేసుకుంటుంది. కొబ్బరి పీచు తాళ్లతో పలకలు కుట్టిన పడవలు, ఒక్క మేకు కూడా లేనివి, కెరటాల మీంచి వెళ్లి సరుకు దింపుకుని రావాలి. మేకులు కొట్టిన పడవైతే ఆ దెబ్బకి చీలిపోతుంది. తాళ్లతో కుట్టిందైతే కాస్త వంగి, కాస్త సాగి బతికిపోతుంది.

ఇక తుఫాను. అది ఎంత పని చేస్తుందో మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19 దివిసీమలో ఏం జరిగిందో మీలో కొందరికి ఇళ్లల్లో విన్న జ్ఞాపకాలుంటాయి. అక్టోబరు, నవంబరు వచ్చిందంటే ఆ తీరం మీద ఓడ నడపడం ప్రాణాలతో చెలగాటం. అప్పుడు ఒక ప్రశ్న పుడుతుంది. ఓడ గాలికి కొట్టుకొచ్చి ఒడ్డున పడింది. సరుకు ఇసుక మీద చెల్లాచెదురుగా ఉంది. ఆ సరుకు ఎవరిది?

ఇప్పుడైతే ఇన్సూరెన్సు కంపెనీ, ఓడ యజమాని, లాయర్లు కూర్చుని తేల్చుకుంటారు. ఆ రోజుల్లో సమాధానం చాలా తేలిక. ఒడ్డు ఎవరిదో సరుకూ వాడిదే. రాజుదో, రాజు మనిషిదో, ముందు పరిగెత్తుకొచ్చినవాడిదో. ఇది మన ఒక్క దేశపు రివాజు కాదు, లోకమంతా అలాగే ఉండేది. ఇంగ్లండులో 1275లో ఒక చట్టం చేశారు. పగిలిన ఓడలోంచి ఒక మనిషి గానీ, కుక్క గానీ, పిల్లి గానీ ప్రాణంతో బయటపడితే దాన్ని దిక్కులేని ఓడగా లెక్కకట్టకూడదు, యజమాని వచ్చి సరుకు అడగొచ్చు అని. వినడానికి నవ్వొస్తుంది గానీ, ఒక వర్తకుడి జీవితకాలపు సంపాదన మొత్తం ఓడలోని పిల్లి ఈతకొట్టడం మీద ఆధారపడి ఉండేదన్నమాట. మన మలబారు తీరం సంగతి మార్కో పోలో రాశాడు. ఏలి అనే రాజ్యంలో, వేరే రేవుకి బయల్దేరిన ఓడ దారితప్పి వాళ్ల ఒడ్డుకి వస్తే దోచేసేవారట. నువ్వు ఇంకెక్కడికో పోతుంటే దేవుడే నిన్ను మా దగ్గరికి పంపాడు గనక నీ సొమ్ము మాదే అనేవారట. చుట్టుపక్కల రాజ్యాల్లోనూ ఈ పాడు అలవాటుందని గొణుక్కున్నాడు పోలో.

ఇంగ్లండు చట్టానికి ముప్ఫై ఏళ్ల ముందు, శక సంవత్సరం 1166లో, అంటే 1244-45లో, మోటుపల్లి వీరభద్రస్వామి గుడి మండపంలో ఒక స్తంభం మీద గణపతిదేవుడు శాసనం చెక్కించాడు. మొదట కాకతీయ వంశ వర్ణన. ఆ తర్వాత అసలు సంగతి. దీన్నే మనవాళ్లు అభయశాసనం అంటారు. అందులో ఉన్నదాన్ని నా మాటల్లో చెప్తాను.

ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతూ, గాలివానకు చిక్కి, పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, ఇంకా ఏముంటే అవి, మునుపటి రాజులు బలవంతంగా లాక్కునేవారు. ప్రాణం కంటే ధనమే ఎక్కువని తలచి సముద్రం మీద సాహసానికి దిగినవాళ్లు వీళ్లు. వీళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వాళ్లకే వదిలేస్తున్నాం.

మునుపటి రాజులు చేసింది ఇది, మేం చేసేది ఇది అని పేరు పెట్టకుండా తేడా చూపించడంలో కొంచెం గొప్ప చెప్పుకోవడం ఉంది. ఉండనివ్వండి. నాకు నచ్చింది వర్తకుల గురించి అన్న మాట. ప్రాణం కన్నా డబ్బెక్కువ అనుకునేవాళ్లు అని ముఖం మీదే అనేసి, అందుకే వీళ్లని కాపాడాలి అంటాడు. వెక్కిరించినట్టూ ఉంటుంది, వాళ్ల తెగువకి నమస్కారం పెట్టినట్టూ ఉంటుంది. సముద్రాలు దాటి వచ్చిన మనకి ఆ మాట తగలాల్సిన చోటే తగులుతుంది.

ఆ నిర్ణయించిన సుంకం ఎంత? ఎగుమతికైనా దిగుమతికైనా ముప్ఫైకి ఒకటి. నూటికి మూడున్నర కూడా లేదు. మన తీరపు రొయ్యల మీద 2025లో ఇక్కడ పడ్డ సుంకాల గొడవ వార్తల్లో విన్నాం, పోల్చుకోవడం మీకే వదిలేస్తాను. ముప్ఫైకి ఒకటి అనేసి ఊరుకోలేదు. సరుకువారీగా పట్టీ కూడా చెక్కించాడు. గంధానికి ఇంత. కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలకు ఇంత. పన్నీరు, ఏనుగుదంతం, జవ్వాది, కర్పూర తైలం, రాగి, తగరం జాతి లోహాలు, సీసం, పట్టుదారం, పగడాలు, సుగంధద్రవ్యాలకు ఇంత. మిరియాలకు ఇంత. వక్కలకైతే లక్ష కాయల లెక్కన ఇంత. లక్ష వక్కలు ఎవరు లెక్కపెట్టేవారో అని నాకెప్పుడూ అనుమానం. కొలపాత్రతో కొలిచి లెక్కగట్టేవారేమో. ఏదేమైనా పట్టీ రాతి మీద ఉంది. సుంకరి మారినా మారదు. ఓడ దిగిన వర్తకుడు గుడికెళ్లి దణ్ణం పెట్టుకుని, స్తంభం చదివించుకుని, రావాల్సిన సుంకం ఎంతో తెలుసుకుని మరీ బేరానికి దిగొచ్చు.

రాజుకి దీని వల్ల లాభమేమిటి? శాసనం దయ, కీర్తి, ధర్మం అంటుంది. దాని వెనక ఒక లెక్క కూడా ఉందని నా అభిప్రాయం. ఒక ఓడ పగిలితే మొత్తం సరుకు లాక్కున్నావనుకోండి, అది ముప్ఫై ఓడల సుంకంతో సమానం. ఒక్కరోజులో చేతికొస్తుంది. కానీ ఆ కబురు హోర్ముజ్ దాకా, సింహళం దాకా, చీనా దాకా వర్తకుల నోళ్లలో వెళ్తుంది. మరుసటి ఏడు ఆ ముప్ఫై ఓడల్లో సగం ఇంకో రేవు చూసుకుంటాయి. దోపిడీ ఒక్కసారి దక్కే ఆదాయం, సుంకం ఏటేటా పండే పంట. ఓరుగల్లులో కూర్చున్నవాడికి ఇది అర్థం కావడం కష్టం కాదు. కష్టమంతా ఒడ్డున ఉన్నవాడితో. రాజు రెండొందల యాభై కిలోమీటర్ల అవతల ఉన్నాడు, ఇసుక మీద పట్టుమూట కళ్లెదురుగా ఉంది. ఆ ఒడ్డు మనుషుల చెయ్యి ఆపాలంటే తాటాకు మీద ఆజ్ఞ చాలదు. అది ఎక్కడో పెట్టెలో ఉంటుంది, చెదలు తింటుంది. ఊరివాళ్లు రోజూ వచ్చే గుడిలో, నలుగురూ చూసే స్తంభం మీద, దేవుడి సాక్షిగా చెక్కితే వేరు. దాన్ని చూసినవాడు నాకు తెలియదు అనలేడు. కోటగోడ పైవాణ్ణి లోపలికి రానివ్వదు. ఈ స్తంభం లోపలివాణ్ణి పైవాడి జోలికి పోనివ్వదు. ఏ రేవుకైనా ఈ రెండో కాపలాయే అరుదు.

శాసనం వేసిన యాభై ఏళ్లకి మార్కో పోలో వచ్చాడు. 1292 ప్రాంతంలో చీనా నుంచి ఓడల మీద తిరిగి వెళ్తూ మన తీరాల సంగతులు పోగుచేసుకున్నాడు. 1298లో జెనోవా జైల్లో ఉండి తోటి ఖైదీ రుస్తికెల్లోకి చెప్పి రాయించాడు. అందులో ముత్ఫిలి రాజ్యం అని ఒకటుంది. అది మోటుపల్లేనని చరిత్రకారులు చాలాకాలంగా చెప్తున్నారు. విదేశీయుడికి రాజధాని ఓరుగల్లు కనిపించలేదు, దిగిన రేవే దేశమైపోయింది. అక్కడ ఒక రాణి ఏలుతోందని, భర్త పోయాక నలభై ఏళ్లుగా న్యాయంగా పాలిస్తోందని, ప్రజలకు ఆమె అంటే ప్రాణమని రాశాడు. ఆ రాణి రుద్రమదేవే. వివరాలు మాత్రం తడబడ్డాయి. ఆమె గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. పైగా పోలో ఓడ ఎక్కేనాటికే, 1289లో, ఆమె కన్నుమూసింది. నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం ఆ సంగతి చెప్తోంది. రేవుల్లో విన్న కబుర్లు అలాగే ఉంటాయి. మనిషి గుణం సరిగ్గా వస్తుంది, చుట్టరికాలూ తేదీలూ తారుమారవుతాయి.

పోలో చెప్పిన వజ్రాల కథ మీకు ఇంకోచోట తెలిసే ఉంటుంది. లోయ నిండా పాములు, పైనుంచి మాంసం ముక్కలు విసరడం, వాటికి వజ్రాలు అంటుకోవడం, గద్దలు ఎత్తుకుపోవడం. సింద్‌బాద్ కథల్లోనూ ఇదే ఉంది. సముద్రం మీద ఓడలతో పాటు కథలూ తిరిగేవి. కానీ అదే చోట ఇంకో ముక్క కూడా అన్నాడు. వానలు పడ్డప్పుడు కొండల మీంచి వాగులు దూకుతాయని, వాన వెలిశాక ఆ వాగుల దారిలో వెతికితే వజ్రాలు దొరుకుతాయని. అది నూటికి నూరుపాళ్లు నిజం. ఇవాళ్టికీ తొలకరి పడగానే వజ్రకరూరు, తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తల వంచుకుని నేలంతా గాలిస్తుంటారు. కృష్ణ ఒడ్డున కొల్లూరు, పరిటాల గనులు తర్వాతి కాలంలో లోకమంతా పేరు మోశాయి.

ఆ రాజ్యపు బట్ట గురించి కూడా చెప్పాడు. సాలెగూడు అల్లినంత సన్నని నేత అని, ఏ రాజైనా రాణైనా కట్టుకోవడానికి సంబరపడేదని. మోటుపల్లి నుంచి చీరాల, వేటపాలెం ఎంత దూరం? పక్కపక్కనే. పోలో చూసిన బట్ట అక్కడి మగ్గాల మీదిదే అని నేను ఒట్టేసి చెప్పలేను గానీ, ఆ పక్క ఊళ్లలో నేత బతుకు ఎంత లోతుకు పాతుకుందో తెలియనిది కాదు. చీరాల తేలియా రుమాళ్లు, నూనెలో నానబెట్టి ఎరుపు, నలుపు అద్దిన ఆ చేతి నేత, నిన్న మొన్నటిదాకా అరబ్బు దేశాలకు ఓడెక్కి వెళ్లాయి.

ఇక కోట పడిపోయిన సంగతి. 1323లో ఢిల్లీ నుంచి వచ్చిన ఉలుగ్ ఖాన్ దండు ఓరుగల్లును పట్టుకుంది. కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ణి బందీ చేసి ఢిల్లీకి తీసుకుపోతుంటే దారిలో పోయాడు. ఓరుగల్లు పేరే సుల్తాన్‌పూర్ అయింది. రాతికోటా మట్టికోటా ఉండగానే రాజ్యం పోయింది. కాకతీయుల అభయానికి అప్పుడు విలువేముంది? ఇచ్చిన రాజే లేడు కదా.

ముప్ఫై అయిదేళ్లు గడిచాయి. అద్దంకి నుంచి లేచిన రెడ్లు కొండవీడు చేరుకున్నారు. 1358లో అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో ఇంకో శాసనం వేయించాడు. సంస్కృతంలో, తెలుగులో, తమిళంలో. వచ్చేవాళ్లు ఏ భాష వాళ్లో ఎరిగి వేయించిన శాసనం అది. ఇందులో గణపతిదేవుడి మాట ఇంకో మెట్టు ఎక్కింది. ఆయన కాపాడింది ఓడనీ సరుకునీ. ఈయన మనిషి జోలికి వచ్చాడు. మోటుపల్లిలో కాపురానికి వచ్చిన వర్తకుణ్ణి గౌరవిస్తాం, ఉండటానికి చోటిస్తాం. తెచ్చిన సరుకు ఇష్టమొచ్చినవాళ్లకి అమ్ముకోవచ్చు, బలవంతంగా లాక్కోం. వేరే చోటికి వెళ్లిపోతానంటే ఆపం, పంపిస్తాం. గంధం మీద సుంకంలో కొంత తగ్గిస్తున్నాం. అపుత్రిక ఎత్తేస్తున్నాం.

ఈ అపుత్రిక దగ్గర ఒక్క క్షణం ఆగాలి. కొడుకు లేకుండా మనిషి పోతే ఆస్తి రాజు ఖజానాకి పోవడం పాత రివాజు. సొంత ఊళ్లో ఉన్నవాడికే అది పిడుగు. పరదేశంలో ఉన్న వర్తకుడి సంగతి ఆలోచించండి. భార్యాబిడ్డలు ఎక్కడో కంచిలోనో, కాయల్‌లోనో ఉంటారు. ఇక్కడ జ్వరమొచ్చి పోయాడు. కొడుకు ఉన్నాడని ఎవరు సాక్ష్యం చెప్తారు? గిడ్డంగికి తాళం పడుతుంది. ఆ భయం ఉన్నవాడు రేవులో సరుకు దింపుతాడు గానీ కాపురం పెట్టడు. కాపురం పెట్టనివాడు ఆ ఊళ్లో గుడి కట్టడు, చెరువు తవ్వించడు, వచ్చే ఏటికి అప్పివ్వడు. ఆ ఒక్క రివాజు తీసేస్తే వర్తకుడు ఊరివాడవుతాడు. ఇక్కడ ఫ్రీమాంట్‌లో ఇల్లు కొనే ముందు, వీలునామా రాసే ముందు మన మనసులో తిరిగే ప్రశ్నలూ దాదాపు అవే. ఉండమన్నారా, ఉండనిస్తారా, వెళ్లొస్తానంటే మళ్లీ రానిస్తారా, నేను పోతే నావాళ్లకి దక్కుతుందా. వీసా స్టాంపింగుకని వెళ్లి నెలల తరబడి అక్కడే ఇరుక్కున్నవాళ్లు, వెళ్తానంటే ఆపం అన్న ఆ వాక్యం విన్నారంటే ఒక నిట్టూర్పు విడుస్తారు.

రెడ్డిరాజుల కాలంలో ఆ మాట ఎంత పండిందో శ్రీనాథుడి హరవిలాసంలో కనిపిస్తుంది. ఆ కావ్యం అంకితం తీసుకున్నది రాజు కాదు, అవచి తిప్పయ్యసెట్టి అనే వర్తకుడు. కుమారగిరిరెడ్డి ఏటేటా జరిపే వసంతోత్సవాలకి కస్తూరి, కర్పూరం, గంధం, జవ్వాది సరఫరా చేసింది ఆ కుటుంబమే. కర్పూర వసంతరాయలు అని పేరు తెచ్చుకున్న రాజు ఆయన, ఒక్కో పండక్కి ఎంత కర్పూరం ఖర్చయ్యేదో ఊహించుకోండి. సింహళం నుంచి ఏనుగులు, హోర్ముజ్ గుర్రాలు, గోవా జవ్వాది, భోట దేశపు కస్తూరి, చీనా పట్టు, బర్మా తీరంలోని తవాయి, తెనాసెరిం రేవుల సరుకు, అన్నీ ఆ సెట్టిగారి ఓడల్లో వచ్చినట్టు కవి చెప్తాడు. కవి గదా, ఒక చెయ్యి ఎక్కువే వేసుంటాడు. ఆ ఊళ్ల పేర్లు మాత్రం కల్పన కాదు.

తర్వాత మోటుపల్లి నెమ్మదిగా తప్పుకుంది. కొంతకాలం విజయనగరం చేతిలో ఉంది. ఒడ్డు మేట వేసి సముద్రం జరిగింది, రాజధానులు మారాయి, గోల్కొండ సుల్తానులకు దగ్గరైన మచిలీపట్నం పైకొచ్చింది. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు దిగింది అక్కడే. వాళ్లు కూడా మొదట అడిగింది మాటే. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా ఇంగ్లీషు కంపెనీకి బంగారు ఫర్మానా అని పేరుపడ్డ కాగితం ఇచ్చాడు. ఏటా 500 వరహాలు కట్టుకుని, రాజ్యంలోని రేవులన్నిటా స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోమని. గణపతిదేవుడి స్తంభానికి అది దూరపు చుట్టమే.

అయితే ఇంగ్లీషువాళ్లు ఒక్క మాటతో ఊరుకునే రకం కాదు. గోడ కూడా కావాలన్నారు. ఆ పని నెల్లూరు తీరంలోని దుగరాజపట్నంలో, వాళ్లు ఆర్మగాన్ అనేవారు, 1626లో మొదలెట్టారు. 1639లో మన దామెర్ల వెంకటాద్రి నాయకుడు తన తీరంలో ఇసుక దిబ్బ లాంటి ఒక జాగా ఇస్తూ, కోట కట్టుకోవడానికి కూడా ఒప్పుకున్నాడు. ఆ జాగాయే చెన్నపట్నం, ఆ కోటే సెయింట్ జార్జి కోట. మచిలీపట్నంలోనూ కోట లేచింది. 1750లో అది ఫ్రెంచివాళ్ల చేతికి పోయింది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు రాత్రివేళ బురదలో నడిచి వెళ్లి దాన్ని పట్టుకునేసరికి, సర్కారు జిల్లాల తలరాతే మారిపోయింది. అప్పటికి రేవు లోపల ఎవరు ఎవరికి అభయం ఇవ్వాలో తిరగబడిపోయింది. నన్నడిగితే మధ్యయుగపు తెలుగు రేవుకీ కంపెనీ రేవుకీ తేడా ఓడల సైజులో లేదు. మొదటిదాంట్లో వర్తకుడు రాజు మాట నమ్ముకుని నిరాయుధంగా దిగాడు. రెండోదాంట్లో వర్తకుడే గోడ కట్టుకుని రాజును బయట నిలబెట్టాడు.

ఈసారి ఇండియా వెళ్లినప్పుడు చూడాలనుకునేవాళ్లకి రెండు మాటలు. విజయవాడ-చెన్నై లైన్లో చీరాలలో దిగండి, ఎక్స్‌ప్రెస్‌లు ఆగుతాయి. అక్కడి నుంచి ఒంగోలు వెళ్లే దారిలో చినగంజాం, అక్కడి నుంచి సముద్రం వైపు తిరిగితే మోటుపల్లి. వీరభద్రస్వామి గుడి, కోదండరామాలయం రెండూ చూడండి. స్తంభం మీద అక్షరాలు పదమూడో శతాబ్దపు లిపి, తలకట్లు ఇప్పటిలా ఉండవు, తిన్నగా చదవబోతే ఒక్క ముక్క కూడా ఎక్కదు. ఈ శాసన పాఠాన్ని హుల్ష్ అనే జర్మన్ పండితుడు ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటంలో అచ్చువేశాడు, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇక్కడే ఫోన్లోకి దించుకుని వెళ్తే, ఒక్కో వరస పక్కన పెట్టుకుని పోల్చుకోవచ్చు. పొద్దున్నే వెళ్లండి, ఏటవాలు ఎండలో చెక్కిన గీతలు బాగా తేలతాయి. పిల్లలు విసుక్కుంటే సుంకం పట్టీ దగ్గర ఆపి వక్కల లెక్క కట్టమనండి.